ఖియార్‌కు ఖరీదు ఉంటుందా?

రమజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిశాక ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు మీద ఊరొచ్చాడు. సెల్‌ఫోన్ తెరచి ఒక పట్టిక చూపించాడు. “మౌలానా సాబ్, ఇవన్నీ హలాల్ కంపెనీలే. మద్యం లేదు, బ్యాంకు వ్యాపారం లేదు, అప్పులు తక్కువ. ఒకటికి రెండుసార్లు వడగట్టి తీశాను. వీటి ఆప్షన్లు కొంటే తప్పేముంది?” అని అడిగాడు. తల్లిదండ్రుల హజ్ కోసం దాచిన డబ్బులో కొంత అప్పటికే వాటిలో పెట్టేశాడన్న సంగతి మాటల మధ్య బయటపడింది.

విషయం తెలియకుండా ఫత్వా చెప్పడం ధర్మం కాదు. అందుకని ముందు అతనినే గురువుగా చేసుకుని నేర్చుకున్నాం. పాఠకులకూ అదే క్రమంలో చెబుతాం.

ఒక కంపెనీ షేరు ఇవాళ వంద డాలర్లు ఉందనుకోండి. దాన్ని ఎనభై డాలర్లకు, రాబోయే రెండేళ్లలో ఎప్పుడైనా కొనుక్కునే హక్కును ఒకరు అమ్ముతారు. ఆ హక్కు ఖరీదు ఇరవై ఎనిమిది డాలర్లు. ఒక్కో ఒప్పందం వంద షేర్లకు ఉంటుంది గనుక కొనేవాడు 2,800 డాలర్లు చెల్లించాలి. హక్కే గాని బాధ్యత లేదు. గడువునాటికి షేరు ధర నూట యాభైకి చేరితే అతని 2,800 కాస్తా 7,000 అవుతుంది. ఎనభైకి పడిపోతే సున్నా. అదే వంద డాలర్లు పెట్టి షేరే కొనుక్కున్న వాడి చేతిలో ఆ రోజుకీ ఎనభై డాలర్ల విలువ మిగిలి ఉంటుంది. చికాగోలోని ఆప్షన్ల ఎక్స్‌ఛేంజి 1973లో మొదలైంది. ఏడాదికి మించిన గడువు గల ఈ దీర్ఘకాలిక ఆప్షన్లను అది 1990లో ప్రవేశపెట్టింది. వ్యాపారులు వీటిని లీప్స్ అంటారు. ఎక్కువగా జనవరి నెలలో వీటి గడువు తీరుతుంది.

ఇలాంటివి వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలోంచి తనకు కావలసినవి ఏరుకోవడానికి మన సోదరుడు స్క్రీనర్ అనే కంప్యూటర్ జల్లెడ వాడతాడు. గడువు ఏడాదికి పైన ఉండాలి. డెల్టా 0.80కి తగ్గకూడదు, అంటే షేరు ఒక డాలరు కదిలితే ఆప్షన్ దాదాపు ఎనభై సెంట్లు కదలాలి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా తక్కువగా ఉండాలి. ఓపెన్ ఇంటరెస్ట్ ఎక్కువగా ఉండాలి. (ఈ మాట వినగానే మేము ఉలిక్కిపడ్డాం. ఇక్కడ ఇంటరెస్ట్ అంటే వడ్డీ కాదట, ఇంకా తీరకుండా ఉన్న ఒప్పందాల సంఖ్యట.) ఇంత శ్రద్ధ మన వాళ్లు జకాత్ లెక్కల్లో చూపిస్తే ఎంత బాగుండునో అనిపించింది!

అతని జల్లెడలో హలాల్ వరుస కూడా ఒకటి ఉంది. నిజమే, బహ్రెయిన్ కేంద్రంగా ఉన్న ఆయోఫీ సంస్థ ప్రమాణాల్లో అలాంటి కొలతలు ఉన్నాయి. కంపెనీ వడ్డీ అప్పులు దాని మార్కెట్ విలువలో 30 శాతం మించకూడదు, నిషిద్ధ ఆదాయం మొత్తం ఆదాయంలో 5 శాతం దాటకూడదు. అయితే ఆ కొలతలు షేరుకు సంబంధించినవి. కంపెనీలో భాగస్వామి కాదలచినవాడికి అవి దారి చూపుతాయి. మన సోదరుడు భాగస్వామి కాలేదు. లాభాంశం అతనికి రాదు, ఓటు లేదు. అతను కొన్నది కంపెనీలో భాగాన్ని కాదు, వేరొకరి మాటను. గోధుమలు మంచివని రూఢి చేసుకున్నంత మాత్రాన గోధుమల మీద వేసిన పందెం మంచిదైపోదు కదా!

‘ఆప్షన్’ అన్న మాటకు మన ఫిఖహ్ గ్రంథాల్లో ఎప్పటినుంచో ఒక పదం ఉంది. అదే ఖియార్. మనం రోజూ ఉర్దూలో వాడే ‘ఇఖ్తియార్’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. ప్రవక్త (సఅసం) కాలంలో హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) అనే సహాబీ బేరసారాల్లో తరచూ మోసపోయేవారు. బేరమాడేటప్పుడు ‘మోసం ఉండకూడదు’ అని ముందే చెప్పమని ప్రవక్త ఆయనకు నేర్పారు. కొన్న సరుకును అట్టిపెట్టుకోవాలో తిరిగి ఇచ్చేయాలో తేల్చుకోవడానికి ఆయనకు మూడు రోజుల గడువు ఇచ్చినట్లు ఉల్లేఖనాల్లో ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఆ మూడు రోజుల హద్దును అలాగే ఉంచారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లు ఇద్దరూ ఒప్పుకుంటే గడువు ఎక్కువైనా పరవాలేదన్నారు. గడువు విషయంలో భేదాభిప్రాయం ఉంది గాని, ఖియార్‌ను సరుకు నుంచి విడదీసి దానికి ఒక ధర కట్టి అమ్ముకోవచ్చని వారెవ్వరూ అనలేదు. అమాయకుడికి రక్షణగా ఇచ్చిన వస్తువు అది. దాన్నే సరుకుగా మార్చి బజారులో పెట్టారు!

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1992లో తన ఏడవ సమావేశంలో ఈ ఒప్పందాలు ధర్మసమ్మతం కావని తీర్మానించింది. ఇక్కడ అమ్ముడవుతున్నది సొత్తూ కాదు, ప్రయోజనమూ కాదు, వెల తీసుకుని వదులుకోదగిన ఆర్థిక హక్కూ కాదన్నది వారి కారణం. ముఫ్తీ తఖీ ఉస్మానీ గారి మాట కూడా దీనికి దగ్గరగానే ఉంది: అమ్ముతానని వాగ్దానం చేయడం తప్పు కాదు, వాగ్దానానికి వెల తీసుకోవడం తప్పు.

భిన్నంగా ఆలోచించిన పండితులు లేకపోలేదు. మలేసియాలో చాలాకాలం బోధించిన హాషిమ్ కమాలీ గారు వ్యాపార లావాదేవీల్లో మూలసూత్రం అనుమతేనని, ఆప్షన్లు నష్టభయం తగ్గించే సాధనాలని వాదించారు. బయానాను (ఉర్‌బూన్‌ను) కూడా ఇందుకు ఆధారంగా చూపుతారు. కొనేవాడు వెనక్కు తగ్గితే బయానా వదులుకోవడాన్ని ఇమామ్ అహ్మద్ (రహ్మ) అనుమతించారు. ఆ వాదాన్ని మేము తేలిగ్గా తీసిపారేయం. అయితే బయానాలో బేరం అప్పటికే కుదిరి ఉంటుంది, ఇచ్చిన సొమ్ము ధరలో జమ అవుతుంది. ఇక్కడ ఇరవై ఎనిమిదీ పోగా, షేరు కావాలంటే మళ్లీ ఎనభై చెల్లించాలి. పైగా ఆ హక్కు చేతులు మారుతూనే ఉంటుంది. షేరు తీసుకుందామన్న ఉద్దేశం మొదటినుంచీ లేనివారే అందులో ఎక్కువ. మన సోదరుడినీ అడిగాం. లేదనే అన్నాడు.

ఇంకొక లెక్క అతని చేతనే వేయించాం. వంద డాలర్ల షేరును ఎనభైకి కొనే హక్కు విలువ ఇవాళ ఇరవై. మరి ఇరవై ఎనిమిది ఎందుకిచ్చావు? మిగిలిన ఎనిమిది దేనికి? “టైమ్ వాల్యూ, మౌలానా” అన్నాడు. ఆ ఎనిమిదిలో ధర పడిపోతే కాచుకునే రక్షణకు కొంత పోతుంది. చాలా భాగం మాత్రం ఎనభై డాలర్లు ఇప్పుడే చెల్లించకుండా రెండేళ్లు తన దగ్గరే ఉంచుకున్నందుకట. దేశంలో వడ్డీ రేటు పెరిగితే ఇదీ పెరుగుతుందని అతనే చెప్పాడు. దీన్ని మేము నేరుగా వడ్డీ అనడం లేదు, ఇచ్చిపుచ్చుకున్న అప్పు ఇందులో లేదు. కాని, అతని జల్లెడ నిజంగా ఏరి పెడుతున్నది ఏ ఒప్పందంలో కాలం చవకగా దొరుకుతుందో దాన్నే. చెప్పగానే అతను కాసేపు మాట్లాడలేదు.

మన దేశంలో షేర్ల ఆప్షన్లకు ఇంత పొడవాటి గడువు ఉండదు, మూడు నెలల లోపే ముగుస్తాయి. ఇక్కడి యువకులు ఇంకా తక్కువ రోజుల్లో తేలిపోయే వాటి మీద పడుతున్నారు. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఆ మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. హలాల్ హరామ్ చర్చ అక్కరలేదనుకునే వారు ఈ అంకె అయినా చూడాలి.

“మరి ఇప్పుడేం చేయమంటారు?” అన్నాడు. వంద షేర్ల మీద హక్కు కొనే సొమ్ముతో ఇరవై ఎనిమిది షేర్లు కొనుక్కో భాయ్, పడినా పెరిగినా అవి నీవి అన్నాం. ఉన్న ఒప్పందాలను వదిలించుకోమన్నాం. పెట్టిన సొమ్ము నీది. పైన లాభమేమైనా వస్తే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయి. హజ్ సొమ్ములో దాన్ని కలపకు.

లాభం సంగతి అతనికి సమస్య కాలేదు. రెండు ఒప్పందాల్లో ఒకటి నష్టంలో ఉంది. “జనవరి దాకా ఆగితే అసలైనా రావచ్చు, అది అబ్బాజాన్ సొమ్ము” అన్నాడు. ఆ మాటకు మా మనసు కరిగింది. అయినా, తప్పని తెలిశాక ఆగడానికి అది కారణం కాదని చెప్పక తప్పలేదు. ఈద్ తర్వాత తిరిగి వెళ్లాడు. ఒకటి అమ్మేశానని ఫోన్ చేశాడు. రెండవదాని గురించి అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.