వాసన

మా ఖాలా కొడుకు జెద్దా నుంచి సెలవుకు వస్తూ ఓ బరువైన గిన్నె తెచ్చాడు. పోత ఇనుముది. లోపలా బయటా ఎనామిల్ పూత. డచ్ ఓవెన్ అంటారట. మాకది మరీ కొత్తగా అనిపించలేదు. మా దాదీమా రాగి దేగ్‌కి కళాయి పెట్టించేది. అక్కడ తగరం, ఇక్కడ కరిగించి పూసిన గాజు. రెండూ చేసే పని ఒకటే, పులుపు లోహాన్ని తాకకుండా కాపాడటం. దమ్ పెట్టినప్పుడు దేగ్ మూత చుట్టూ పిండి మెత్తుతాం. దీనికి మూత బరువే చాలు.

అందులో రోస్టు చేశాం. దున్నపోతు జబ్బ, రెండు కిలోల ఒకే ముక్క. ఉప్పు, మిరియాలు, అల్లం వెల్లుల్లి పట్టించి నూనెలో అన్ని పక్కలా ఎర్రగా కాల్చాం. ఉల్లిగడ్డలు, గ్లాసు నీళ్లు, కాస్త చింతపండు పులుసు వేసి మూత పెట్టి సన్నసెగ మీద మూడు గంటలు ఉంచాం. లేచిన ఆవిరి మూతకు తగిలి నీళ్లై మళ్లీ కూరమీదే పడుతుంది. ఎంత ముదురు మాంసమైనా పీచుపీచుగా విడిపోతుంది.

"వాసన బయటికి పోదు కదా?" అంది అమ్మీ.

వంటింటి కిటికీ అప్పటికే మూసి ఉంది. ఎవరు మూశారో గుర్తులేదు. ఈ ఇల్లు అద్దెకు అడిగిన రోజు, ఏం వండుతారని అడిగితే "మటనే" అన్నాం. ఆ రోజు నుంచీ కిటికీ మూసే ఉంటోంది.

ఇది మర్యాదా? భయమా? మమ్మల్ని మేమే అడుగుతున్నాం.

పక్కింటి పిన్నిగారు ఏకాదశి ఉపవాసం ఉంటే ఆ రోజు మేం కూర వండం. రంజాన్‌లో పగలు ఆమె మా ముందు కాఫీ తాగదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అది మర్యాద. అది రెండువైపుల నుంచీ నడుస్తుంది. వండినా మాకేం కాదని తెలిసీ మానేస్తాం. ఇంటాయన దగ్గర అలా కాదు. నిజం చెబితే సామాను బయట ఉంటుంది. అది భయం. ఇన్నాళ్లూ దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం.

మేం చేసింది నేరమా? 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవును కోయొద్దంటుంది. దున్నపోతును అధికారి ధ్రువపత్రంతో కోయవచ్చు. అయినా 2015లో దాద్రీ దగ్గరి పల్లెలో, ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు మీద అఖ్లాక్‌ను కొట్టి చంపారు. 2017లో సుప్రీంకోర్టు గోప్యత హక్కుపై ఇచ్చిన తీర్పులో, ఏం తినాలో రాజ్యం చెబితే ఎవరికీ నచ్చదని మన తెలుగు న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ రాశారు. ఆ మాట చదివి సంతోషించాం. కిటికీ మాత్రం తెరవలేదు.

మర్నాడు బడికి టిఫిన్ కడుతుంటే మా చిన్నది అడిగింది: "ఏం కూరని చెప్పాలి?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మేం అద్దె కోసం ఆడిన అబద్ధం దానికి వారసత్వంగా ఇవ్వబోతున్నామని అప్పుడు తెలిసింది.

"పెద్దకూర అని చెప్పు" అన్నాం.

చెప్పిందో లేదో ఇంకా అడగలేదు.