వినయము - యోగ్యత

పరదేశపు కొలువునకు మనుష్యుని ఎన్నుకొనునపుడు కొలుచునది యతని పనితనమా, పెంపకమా? ఈ ప్రశ్నను మేము వాదముకొఱకు లేవదీయుటలేదు. అర్ధగంట సంభాషణముపై ఒక కుటుంబపు బ్రతుకు ఆధారపడియున్నది గనుక లేవదీయుచున్నాము.

తెలుగునాట పెరిగిన యువకునకు పెద్దల యెదుట చూపు దించుకొనుట మర్యాద. తాను చేసిన పనిని "మేము చేసితిమి" యనుట మర్యాద. జీతము మాట తానై యెత్తకుండుట మర్యాద. అమెరికాలో ఇంటర్వ్యూ చేయువారిలో పెక్కురు దించిన చూపును అధైర్యమనియు, "మేము" అను మాటను స్వంతపని లేమియనియు తలంతురు. అచ్చటి యువకుడు సూటిగా చూచి "నేను సాధించితిని" అన్నచో మనలో పెద్దలు పొగరనుకొందురు. ఇద్దఱును తమ పెద్దలు నేర్పినదే చేసిరి. ఇద్దఱును పరులకంట దోషులైరి.

కొలువు దొరకిన పిమ్మటను ఈ చిక్కు వదలదు. భాషాశాస్త్రజ్ఞుడు జాన్ గంపర్జ్ 1982లో ప్రకటించిన గ్రంథమున ఒక యుదాహరణమిచ్చెను. బ్రిటనులో ఒక విమానాశ్రయపు భోజనశాలలో కొత్తగా చేరిన భారత, పాకిస్తాను స్త్రీలు మాంసము వడ్డించుచు "గ్రేవీ" యని యడుగుచుండిరి. ఆంగ్లేయులు ఆ మాటను స్వరమెత్తి యడుగుదురు. వీరు దించి పలికిరి. తినవచ్చినవారికది ప్రశ్నగా గాక కటువుగా వినబడెను. ఉభయుల మాటలను ముద్రించి వినిపించిన పిమ్మటగాని కారణము బయటపడలేదు. ఒక్క మాట తుదిస్వరము మనుష్యుల శీలముపై తీర్పయ్యెను!

"మా దేశమున పనిచేయువాడు మా రీతి నేర్వవలదా?" యని కొందఱందురు. నేర్వవలసినదే. కాని నేర్పకమునుపే పరీక్షించుట న్యాయమా? సరకు అమ్మువానికి కొనువారి మర్యాద తెలియుట పనిలో భాగము. యంత్రము బాగుచేయువానికి అంతగా కాదు. ఈ భేదమును ముందుగా నిర్ణయించుకొనుట యెన్నుకొనువాని విధి. అందఱికిని ఒకే ప్రశ్నలు వేయుట, కొలతలు ముందే వ్రాసికొనుట, కొంత పని చేయించి చూచుట - ఇవి యసాధ్యములు కావు. "ఇందులో మీ స్వంతభాగమెంత?" యని యడిగినచో వినయశీలియు చెప్పగలడు. అట్లు చెప్పుట ఆత్మస్తుతి కాదు, సాక్ష్యము. ఈ మాట మన యువకులును గ్రహింపవలయును.

తుదకు మనవంకను చూచుకొందము. యాస వేఱైనంతమాత్రమున మన పల్లెల బిడ్డలను మన పట్టణపు కచేరీలలోనే చులకన చేయుచున్నాము గదా! పరులను న్యాయమడుగువారు మొదట తమ గుమ్మమున దానిని నిలుపవలయును.