రెండు లింగాలు, ఒక పాత అప్పు

కాళేశ్వరం అనగానే మా ఆఫీసులో ఎవరికైనా గుర్తొచ్చేది ప్రాజెక్టు. 2019లో ప్రారంభం, 2023 అక్టోబరులో మేడిగడ్డ దగ్గర బ్యారేజీ పిల్లర్లు కుంగడం, ఆ తర్వాత రాజకీయం. నేను రాసేది ఆ కాళేశ్వరం గురించి కాదు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, నది అవతల మహారాష్ట్ర మొదలయ్యే చోట, గుడి ఉన్న కాళేశ్వరం గురించి. 2025 మేలో సరస్వతీ పుష్కరాలు అయిపోయి జనం పలచబడ్డాక, మా బాపు అస్థికలు అక్కడ కలిపి వచ్చాను.

ఆ గుడి గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి ముక్తేశ్వరుడు, శివుడు. రెండోది కాళేశ్వరుడు, అంటే యముడు. అక్కడ చెప్పే కథ చిన్నది. ముక్తేశ్వరుడు వచ్చినవాళ్ళందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యమలోకానికి పని లేకుండా పోయిందట. యముడు వెళ్ళి మొర పెట్టుకుంటే శివుడు అతన్నీ తన పక్కనే కూర్చోబెట్టి, ముందు నీకు మొక్కాకే నాకు మొక్కాలి అన్నాడట. అందుకే ఇప్పటికీ మొదటి పూజ యముడికే. లెక్క చూసేవాడు ముందు, లెక్క కొట్టేసేవాడు తర్వాత.

ఆ రోజు నేను దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. ఎండ, చెప్పులు ఎక్కడ పెట్టామన్న గోల, పంతులుగారు అడిగిన గోత్రం నాకు గుర్తు రాకపోవడం, వీటితోనే సరిపోయింది.

ఇంటికొచ్చిన వారానికి బాపు బీరువాలో ఒక పాత నోట్‌బుక్ దొరికింది. పాల లెక్కలు, కరెంటు బిల్లులు, నా హాస్టల్ ఖర్చులు. అందులో 2007 ఆగస్టులో ఒక లైను: మా వీధిలో బట్టలు కుట్టే చాచా దగ్గర 40,000 తీసుకున్నట్టు. ఆ నెలే నేను ఇంజనీరింగ్‌లో చేరాను. తిరిగి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. అన్ని పేజీలూ రెండుసార్లు తిప్పి చూశాను. అమ్మని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇద్దామనే అనుకున్నడు రా" అంది.

ఆయన దహనానికి చాచా వచ్చాడు. చివరిదాకా నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు.

అప్పుడు తగులుకుంది నాకు ఆ గుడి కథ. నదిలో బాపుని కలిపేసి ముక్తి కలిగిందనుకున్నాం. మరి ఈ నలభై వేలు? శివుడు వాటిని మాఫీ చేయగలడా? ఆ అప్పు శివుడికి కాదు కదా బాకీ.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, కొత్త ఉద్యోగంలో పని లేని రోజుల్లో, ఎక్సెల్‌లో ప్రపంచ మతాల పట్టిక ఒకటి చేసుకున్నాను. మతం, స్థాపకుడు, కాలం, గ్రంథం, దేవుళ్ళ సంఖ్య, చచ్చాక ఏమవుతుంది. నవ్వకండి, చాలామందిమి ఇలాంటివి చేసినవాళ్ళమే. హిందూమతం వరసలో స్థాపకుడి గడి ఖాళీ. బౌద్ధం దగ్గర దేవుళ్ళ సంఖ్య ఏం వేయాలో తెలియలేదు. గడుల్లో పట్టేవి తేలిగ్గా దొరికేవే గానీ అసలు సంగతి కాదని ఇప్పుడనిపిస్తుంది. ఏ మతాన్నయినా అడగాల్సిన ప్రశ్నకి ఆ పట్టికలో కాలమే లేదు: ఇంకో మనిషికి బాకీ పడి చచ్చిపోయినవాణ్ణి నువ్వేం చేస్తావు?

ముందు యముడి సంగతి. మొదట్లో ఆయన న్యాయమూర్తి కాదు. ఋగ్వేదం పదో మండలంలో యముడు ఆ దారిన అందరికంటే ముందు నడిచి, వెనక వచ్చే వాళ్ళకి తోవ చూపినవాడు, పితరులకి రాజు. ఆయన దగ్గర నాలుగు కళ్ళ కుక్కలు రెండుంటాయి. పారశీకుల అవెస్తాలో ఇదే పేరుకి అన్నదమ్ముడు యిమ ఉన్నాడు, తండ్రి పేరు కూడా కలుస్తుంది, మన వివస్వంతుడే అక్కడ వివంఘ్వంత్. జొరాస్ట్రియన్ల చిన్వత్ వంతెన దగ్గరా కుక్కలున్నాయి. చనిపోయినవాడు ఆ వంతెన దాటాలి, మంచివాడికి వెడల్పవుతుంది, చెడ్డవాడికి ఇరుకవుతుంది. మన యముడు మెల్లగా లెక్కల మనిషయ్యాడు, చిత్రగుప్తుణ్ణి పెట్టుకున్నాడు. బౌద్ధులతో పాటు చైనా వెళ్ళి యెన్‌లువో అయ్యాడు, జపాన్‌లో ఎన్మా అయ్యాడు. ఈజిప్టు వాళ్ళు అంతకు చాలా ముందే గుండెని త్రాసులో పెట్టి ఈకతో తూచారు. ముస్లింలకి మనిషి వెంటే ఉండి మంచీ చెడూ రాసే ఇద్దరు దేవదూతలున్నారు. ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు నేర్చుకున్నారా, ఎవరికి వాళ్ళకే తట్టిందా అన్నది వేరే చర్చ. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు రాస్తూ ఉన్నారు. నోట్‌బుక్ లేని పరలోకం తక్కువ.

క్షమ దగ్గరికొచ్చేసరికే తేడాలొస్తాయి.

యూదుల మిష్నా ఈ విషయంలో ఏ మొహమాటమూ పడదు. ప్రాయశ్చిత్త దినం, యోమ్ కిప్పుర్, దేవుడి పట్ల చేసిన తప్పులని కడుగుతుంది. సాటి మనిషికి చేసినదాన్ని, ఆ మనిషిని సమాధానపరిచే దాకా అదేమీ చేయలేదు. ఇస్లాంలో కూడా దేవుడి హక్కులు వేరు, మనుషుల హక్కులు వేరు. షహీదుకి అన్నీ మాఫ్, అప్పు తప్ప అని హదీసు ఉంది. అప్పుతో చనిపోయిన ఒకాయనకి జనాజా నమాజు చేయించడానికి ప్రవక్త ముందుకు రాలేదు, ఆ బాకీ నాది అని ఇంకొకాయన పూచీ పడ్డాకే చేయించారు. ఏసు కూడా, బలిపీఠం దగ్గరికి వెళ్ళాక నీ మీద సోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు అతనితో సమాధానపడి రమ్మంటాడు. ఆయన పేరుతో నడిచిన చర్చి మాత్రం కొన్ని వందల ఏళ్ళకి పాపాల శిక్ష తగ్గించే పత్రాలు అమ్మే దాకా వచ్చింది, 1517లో లూథర్ గొడవ అక్కడే మొదలైంది.

మన దగ్గర? చిన్నప్పుడు విన్న అజామిళుడి కథ గుర్తొచ్చింది. కట్టుకున్న భార్యనీ ముసలి తల్లిదండ్రుల్నీ వదిలేసి, దొంగతనాలు చేసి బతికి, చచ్చేముందు నారాయణా అని కొడుకుని పిలిచినవాడు. విష్ణుదూతలు వచ్చి యమదూతల్ని ఆపేస్తారు. (తెలుగులో ఇది పోతన రాసిందనుకునేవాణ్ణి. కాదు, భాగవతం ఆరో స్కంధం ఏర్చూరి సింగన తెలిగించాడు. జనగామ వైపు బమ్మెర మీదుగా వెళ్ళినప్పుడల్లా పోతనకే జమ వేశాను.) తర్వాత అజామిళుడు తను చేసినదానికి ఏడుస్తాడు, ఏడ్చి గంగాద్వారానికి వెళ్తాడు తపస్సుకి. ఇంటికి వెళ్ళడు. ఆ భార్య ఏమైందో, దోచుకున్నవాళ్ళకి ఏమందిందో కథకి పట్టదు. ఇంత అందమైన కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

అంగుళిమాలుడి కథ దీనికంటే నచ్చుతుంది. అంతమందిని చంపినవాడు భిక్షువై అర్హంతుడయ్యాడు. అయినా ఊళ్ళో భిక్షకి వెళ్తే రాళ్ళు పడ్డాయి, తల పగిలి నెత్తురుతో వచ్చాడు. ఓర్చుకో అన్నాడు బుద్ధుడు. ముక్తి దొరికింది, రాళ్ళు మాత్రం ఆగలేదు.

మనవాళ్ళని పూర్తిగా తీసిపారేయడం అన్యాయమే. ధర్మశాస్త్రాలు తండ్రి బాకీ కొడుకు తీర్చాలనే అంటాయి, జూదానికీ తాగుడుకీ చేసిన అప్పులు తప్ప. రుణానుబంధం అన్న మాట మనం పెళ్ళిళ్ళకీ కుక్కపిల్లలకీ వాడేస్తున్నాం గానీ దాని లోపల ఉన్నది అప్పే. కాళేశ్వరం కథనీ ఇప్పుడు ఇలాగే వింటున్నాను. యముడు అక్కడ కూర్చున్నది తన ఉద్యోగం కోసం మాత్రమే కాదు. ముక్తి కోసం క్యూలో నిలబడ్డవాళ్ళ వెనక, వాళ్ళ చేతిలో నష్టపోయి ఇళ్ళల్లో ఉండిపోయినవాళ్ళుంటారు. గుడిలో వాళ్ళ తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా.

చాచా దగ్గరికి వెళ్ళడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఎక్సెల్ తెరిచాను మళ్ళీ. 40,000, పద్దెనిమిదేళ్ళు, ఎనిమిది శాతం చక్రవడ్డీ: 1,59,841. రౌండు చేసి లక్షా అరవై వేలు కవర్లో పెట్టుకుని వెళ్ళాను.

"ఇదెందుకు బేటా? మీ బాపు పోయిన్నాడే మాఫ్ జేసిన."

నా చదువు పైసలు చాచా, నేనే ఇయ్యాలె అన్నాను. ఒకటికి నాలుగుసార్లు అన్నాక కవరు తీసుకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని నలభై వేలు లెక్కపెట్టి, మిగతాది మిషన్ మీద నా వైపు జరిపాడు.

"గిది నాది గాదు."

వడ్డీ అనుకోవద్దు, అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరు అని మొదలుపెట్టాను. ద్రవ్యోల్బణం గురించి ఆయనకి చెబుతున్నాను నేను.

"అప్పుడు షర్టు కుట్టుడు అరవై, ఇప్పుడు నాలుగు వందలు. నాకు తెల్వదా బేటా?" అని నవ్వాడు. "ఎక్కువ తీసుకుంటే మల్ల నేను జవాబు జెప్పాలె ఆడ."

మరి దీన్నేం చేయమంటారు అని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. ఎవరిదో జాకెట్టు సాయంత్రానికి ఇవ్వాలట, మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. చాయ్ తాగి వచ్చేశాను.

నోట్‌బుక్‌లో ఆ లైను మీద గీత కొట్టి తేదీ వేశాను. లక్షా ఇరవై వేలు ఇంకా అదే కవర్లో ఉన్నాయి, బాపు బీరువాలో. మొన్న అమ్మ వాటిని కాళేశ్వరం హుండీలో వేసి రమ్మంది. ఎవరి డబ్బో తేలకుండా ఎట్లా వేస్తానే అంటే కోపమొచ్చి లోపలికి వెళ్ళిపోయింది.