పని ఫలం ఎవరికి? పని భారం ఎవరికి?

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట మొదట వినిపించే ప్రశ్న “అబ్బాయి ఏం చేస్తున్నాడు?” అనేది. జవాబు విన్న వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: “నెలకు ఎంత వస్తుంది?” ఈ రెండింటితో మన విచారణ దాదాపు పూర్తయిపోతుంది. ఆ పని మనిషి ఒంటిని, మనసును ఏం చేస్తోంది? దానివల్ల తోటివారికి మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా? ఇలాంటి విషయాలు అడిగేవారు చాలా అరుదు.

మానవుడు మెలకువగా ఉన్న కాలంలో అధిక భాగాన్ని ఉపాధి కోసమే వెచ్చిస్తాడు. అలాంటప్పుడు పనిని కేవలం జీతంతో కొలవడం ఎంతవరకు సమంజసం? ప్రతి పనిలోనూ ప్రయోజనం ఉంది, ప్రయాసా ఉంది. ఇది అందరికీ తెలిసిందే. కాని ఆ ప్రయోజనం పొందేవారు, ఆ ప్రయాస భరించేవారు ఒక్కరేనా? మనం ఆలోచించవలసిన అసలు ప్రశ్న ఇదేనని మేము భావిస్తున్నాము.

ఒక మండలం, ఎన్నో పనులు

ఉదాహరణకు అనకాపల్లి జిల్లాలోని రావికమతం మండలాన్ని తీసుకుందాం. భీమిలి-నర్సీపట్నం రోడ్డు దీని మీదుగానే పోతుంది. ఒక వైపు చెరకు, వరి పొలాలు. మరో వైపు కళ్యాణపులోవ జలాశయం, కొండలు, జీడిమామిడి తోటలు, గిరిజన గ్రామాలు. ఇక్కడి ప్రజల పనులను ఒక్కొక్కటిగా చూద్దాం.

సొంత భూమి ఉన్న చెరకు రైతుకు పైఅధికారి లేడు. తన పొలానికి తానే యజమాని. ఇది పెద్ద మేలే. కాని నాటిన దగ్గర నుంచి నరికేదాకా దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా పెట్టుబడి అతనిది, తుపాను భయం అతనిది. తీరా పంట చేతికొచ్చాక ధర చెప్పేది మాత్రం వేరొకరు. ఆ చెరకు నరికే కూలీకి ధర పడిపోతుందన్న దిగులు లేదు, సాయంత్రానికి కూలి చేతికొస్తుంది. అయితే నరుకుడు కాలం ముగిస్తే అతని పనీ ముగుస్తుంది. చెరకు ఆకు కోసిన గీతలు మాత్రం చేతుల మీద మిగులుతాయి.

బడి పంతులుకు నెల జీతం, ఊళ్లో గౌరవం ఉన్నాయి. కాని ఆయన శ్రమ ఫలించిందో లేదో తెలియడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆటో నడిపే యువకుడు ఎవరికీ సలాం కొట్టనక్కరలేదు. కాని నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా తలుపు తడుతుంది. రాతి క్వారీలో కూలి పొలం పని కన్నా మెరుగ్గానే ఉండవచ్చు. కాని రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. ఒకసారి పాడైన ఊపిరితిత్తులను మునుపటిలా చేసే మందు లేదు.

ఇదే జిల్లాలోని అచ్యుతాపురం దుస్తుల పరిశ్రమల్లో వేలాది మంది స్త్రీలు పని చేస్తున్నారు. తమ కష్టార్జితం తమ చేతికే రావడం వారికి ధైర్యాన్నిచ్చింది. అయితే రోజంతా కుట్టుమిషను ముందు కూర్చుని, బస్సులో ఇంటికి చేరిన స్త్రీ కోసం వంట, అంట్లు, పిల్లల పని ఎదురుచూస్తూనే ఉంటాయి. ఆ రెండో పనికి జీతం లేదు సరికదా, దాన్ని పని అని గుర్తించేవారు కూడా తక్కువే.

ఈ లెక్క సరితూగుతుందా?

‘కష్టమైన పనికి కూలి ఎక్కువ, సుఖమైన పనికి తక్కువ, చివరికి అన్నీ సరితూగుతాయి’ అని కొందరు వాదిస్తారు. ఈ వాదానికి పాత పునాది ఉంది. స్కాట్లాండుకు చెందిన ఆడం స్మిత్ 1776లో వెలువడిన తన అర్థశాస్త్ర గ్రంథంలో వేతనాల్లో తేడాలకు ఐదు కారణాలు చెప్పాడు. పని ఎంత కష్టం, నేర్చుకోవడానికి ఎంత ఖర్చు, అది నిలకడగా దొరుకుతుందా లేదా, అందులో ఎంత నమ్మకం అవసరం, విజయం దక్కే అవకాశం ఎంత అనేవే ఆ ఐదు. మనుషులకు తమకు నచ్చిన పని ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట లాభనష్టాలు సమానం కావడానికి మొగ్గుతాయని అతని వాదన.

అయితే 1848లో ఇంగ్లండుకు చెందిన జాన్ స్టూవర్ట్ మిల్ దీన్ని సవరించాడు. నిజంగా ఒళ్లు విరిచే పనులకు, అందరూ అసహ్యించుకునే పనులకు దాదాపు ఎప్పుడూ అతి తక్కువ కూలే దక్కుతుందని, కారణం ఆ పనులు చేసేవారికి మరో దారి లేకపోవడమేనని అతను గమనించాడు. మన కళ్ల ముందున్న వాస్తవం కూడా ఇదే. మురుగు కాలువలో దిగేవాడి కూలి ఏపాటి? ఏసీ గదిలో కూర్చునేవాడి జీతం ఏపాటి?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక మందుల కర్మాగారంలో ప్రమాదం జరిగి 17 మంది మరణించారు. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి 8 మంది చనిపోయారు. మాత్ర వేసుకుని ఎక్కడో ఒక రోగి కోలుకుంటాడు. మతాబు వెలిగించి ఎక్కడో ఒక పిల్లవాడు నవ్వుతాడు. వాటిని తయారుచేసే చోట ప్రాణాలు పోయాయి. ఇక్కడ ఫలం ఒకరిది, భారం మరొకరిది. పనుల మంచిచెడ్డలు చర్చించేటప్పుడు మనం మరచిపోయే విషయం ఇదే.

ప్రవక్తల చేతి పనులు

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) చక్రవర్తి అయి ఉండి కూడా తన చేతి కష్టంతోనే భుజించేవారని, హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ హదీసుల ద్వారా తెలుస్తోంది. అంతిమ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా మక్కావాసుల గొర్రెలను కూలికి మేపారు. మస్జిదె నబవీని ఊడ్చే ఒక స్త్రీ మరణిస్తే, అదొక చిన్న విషయమని భావించి సహాబాలు ఆయనకు తెలియజేయలేదు. ఆమె కనిపించకపోవడంతో ఆయనే ఆరా తీశారు. తనకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి దగ్గరకు వెళ్లి నమాజు చేశారు. ఊడ్చే మనిషి కనిపించకపోతే మనలో ఎంతమంది ఆరా తీస్తారు?

మన పూర్వ పండితుల పేర్లు చూడండి. వక్ఫ్ నియమాలపై ప్రామాణిక గ్రంథం రాసిన అబూ బక్ర్ ఖస్సాఫ్ పేరులో ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఖుర్‌ఆన్ ఆదేశాలకు వ్యాఖ్యానం రాసిన అబూ బక్ర్ జస్సాస్ పేరులో జస్సాస్ అంటే సున్నం పనివాడు. ఈ పేర్లు పలికేటప్పుడు మనం ‘రహ్మతుల్లాహి అలైహ్’ అంటాం. మరి మన పక్కింటి దూదేకుల సోదరుణ్ణి, హజామ్ సోదరుణ్ణి, రాళ్లు కొట్టే తురక కాశ సోదరుణ్ణి పిలిచేటప్పుడు స్వరం ఎందుకు మారుతుంది? మనకు పరుపు, దిండు అమర్చిన వృత్తి పేరు తిట్టుగా ఎలా మారింది?

ఇమామ్ గజ్జాలీ (మరణం క్రీ.శ. 1111) సేద్యం, నేత, కుట్టుపని వంటి వృత్తులను ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే సమాజంలో కొందరైనా ఆ పని చేయాలి, ఎవరూ చేయకపోతే అందరూ దోషులే. దీని అర్థాన్ని లోతుగా గ్రహించండి. ఒకడు నాగలి పట్టి మన తలమీది బాధ్యతను దించుతున్నాడు. మరొకడు కాలువ శుభ్రం చేసి మన తలమీది బాధ్యతను దించుతున్నాడు. కూలి డబ్బు ఇచ్చేశాం కాబట్టి మన ఋణం తీరిపోయిందని అనుకోవడానికి వీలులేదు.

కొనేవాడి చేయి

‘యజమానులు న్యాయంగా ఉంటే చాలు కదా, ఇందులో మా పాత్ర ఏముంది?’ అని పాఠకులు అడగవచ్చు. అనకాపల్లి బెల్లాన్నే చూద్దాం. పిప్పి మంట ముందు నిలబడి, మరిగే రసాన్ని కలిపి, దిమ్మలు కట్టే పనివాడి కష్టం మనకు తెలుసు. మార్కెట్టులో పసుపు పచ్చగా మెరిసే బెల్లానికి మంచి ధర పలుకుతుంది, నల్లబెల్లానికి ధర తగ్గుతుంది. అందుకే రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు వచ్చింది. ఈ తప్పు వండేవాడిదేనా? సహజమైన ముదురు రంగు బెల్లం చూసి మొహం తిప్పుకునే కొనుగోలుదారుకు ఇందులో వాటా లేదా?

తమకు రావలసినప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇవ్వవలసినప్పుడు తగ్గించి ఇచ్చేవారిని దివ్య ఖుర్‌ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఇది తక్కెడ పట్టుకున్న వ్యాపారికి మాత్రమే చెప్పిన మాట అనుకోకూడదు. పని నిండుగా చేయించుకుని కూలి దగ్గర బేరమాడేవారు, జీతం నిండుగా తీసుకుని పని దగ్గర తప్పించుకునేవారు, ఇద్దరూ తక్కెడ పట్టుకున్నవారే.

మన మస్జిదుల్లోనే చూద్దాం. ధార్మిక విధులు నిర్వహించేవారు సాధారణంగా ధనవంతులు కాలేరని ఇబ్ను ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’లోనే గమనించారు. ప్రజలకు వారి అవసరం రోజూ తట్టదన్నది ఆయన చెప్పిన కారణం. ఫజ్ర్ అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ వేతనం పెంచే విషయం కమిటీ సమావేశంలో ఎన్నిసార్లు వాయిదా పడుతుందో మనకు తెలియనిది కాదు. కర్మాగారం యజమానిని ప్రశ్నించే ముందు మన తూకాన్ని సరిచూసుకోవాలి.

పేదరికం అనే వాదన

ఏజెన్సీ కొండల్లోని గంజాయి మైదానానికి దిగే దారులు నర్సీపట్నం, మాడుగుల వైపు నుంచే వస్తాయి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ సరుకు మోసే యువకుల తరఫున ఒక వాదన వినిపిస్తుంది: “పేదవాడు, వేరే దారి లేక చేశాడు.”

ఈ వాదనను మేము తేలికగా కొట్టివేయడం లేదు. ప్రాణం మీదికి వచ్చినవాడు ప్రాణం నిలిచేంత మేరకు నిషిద్ధాన్ని తినవచ్చని దివ్య ఖుర్‌ఆన్ అనుమతించింది. అయితే తన మీది హానిని మరొకరి మీదికి నెట్టి తొలగించుకోరాదన్నది ఫుఖహాల సూత్రం. నా బిడ్డ ఆకలి తీరడానికి మరొకరి బిడ్డ మత్తులో మునగాలంటే అది జరూరత్ అనిపించుకోదు. పైగా ఇక్కడ కూడా భారం పేదవాడిదే. 20 కిలోలు దాటిన గంజాయితో పట్టుబడితే చట్ట ప్రకారం 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష పడుతుంది. జైలుకు వెళ్లేది మోసినవాడు. పెట్టుబడి పెట్టినవాడు సాధారణంగా దూర నగరంలో హాయిగా ఉంటాడు.

మరి మన బాధ్యత? యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ సహాబీ ఇంట్లోని వస్తువులను దైవప్రవక్త (స) వేలం వేయించి, ఆ డబ్బుతో గొడ్డలి కొనిపించి, తన చేతులతో దానికి పిడి బిగించి, కట్టెలు కొట్టుకొమ్మని పంపిన ఉదంతం ప్రసిద్ధమైనది. ఆయన ఉపదేశంతో సరిపెట్టలేదు, పనిముట్టు చేతికిచ్చారు. మన జకాతు సొమ్ముతో ఏడాదికి ఒక్క యువకుడికైనా కుట్టుమిషనో, తోపుడుబండో ఇప్పించామా? లేకపోతే వాడి తప్పును నిందించే హక్కు మనకు సగమే ఉంటుంది.

తఖ్దీర్ అనే సాకు

ప్రమాదం జరిగినప్పుడల్లా “వారి రాత అంతే” అనేవారున్నారు. తఖ్దీర్‌ను విశ్వసించడం మన ఈమాన్‌లో భాగమే. కాని సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసినప్పుడు హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సైన్యంతో వెనక్కి మళ్లారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఒక విధి నుంచి మరో విధి వైపే వెళుతున్నామన్న భావంతో జవాబిచ్చారు. పనివాడికి మాస్కు, చేతి తొడుగులు, సరైన శిక్షణ ఇవ్వకుండా ‘రాత’ అనడం విధిమీద విశ్వాసం అనిపించుకోదు. సేవకుడికి శక్తికి మించిన పని చెప్పరాదని, చెబితే స్వయంగా సాయపడాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. యంత్రానికి భద్రత కల్పించడం కూడా ఆ సాయంలో భాగమే.

నాలుగు ప్రశ్నలు

ప్రియ పాఠకులారా! ఇక ముందు ఒక పనిని గురించి మాట్లాడేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఈ పని చేసే మనిషికి ఏమి ఇస్తోంది? అతని నుంచి ఏమి తీసుకుంటోంది? దీని మేలు ఎవరికి చేరుతోంది? దీని కీడు ఎవరు మోస్తున్నారు?

మొదటి ప్రశ్న ఒక్కటే అడిగేవాడు జీతాన్ని చూస్తాడు. నాలుగూ అడిగేవాడు మనిషిని చూస్తాడు. ఇతరుల కీడు మీద నిలబడ్డ పని అయితే ఎంత జీతం వచ్చినా వదులుకోవాలి. ఇతరుల మేలు కోసం భారం మోసే పని అయితే, ఆ పని చేసేవారి భారాన్ని సమాజమంతా పంచుకోవాలి. చెమట ఆరకముందే కూలి చెల్లించడం, అతని ప్రాణానికి రక్షణ కల్పించడం, అతని పిల్లలకు చదువు అందేలా చూడడం, అతణ్ణి పేరు పెట్టి గౌరవంగా పిలవడం, ఇవన్నీ ఆ పంపకంలో భాగాలే. మన కూతుళ్లకు సంబంధాలు చూసేటప్పుడు కూడా నెలకు ఎంత వస్తుందో అడిగే ముందు ఆ సంపాదన ఎలా వస్తుందో అడుగుదాం.

పనివాడి చేత పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని హదీసు హెచ్చరిస్తోంది. ఆ న్యాయస్థానంలో మన తరఫున వాదించేవారు ఎవరూ ఉండరు.

అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, అందులో బర్కత్‌ను, మన కోసం కష్టపడేవారి ఋణాన్ని గుర్తించే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.