అమ్మిన ముఖం ఎవరిది?

ఖమ్మం ప్రాంతంలో 'ఏజెన్సీ' అనగానే భద్రాచలం అవతలి అడవి పల్లెలే స్ఫురిస్తాయి. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను సాధారణ చట్టాల నుండి తప్పించి ప్రభుత్వ ఏజెంటుగా కలెక్టరు చేతిలో పెట్టారు. ఆ పేరు తర్వాత గోదావరి మన్యానికీ పాకింది. నేడు మా విద్యార్థులు మరొక ఏజెన్సీని గురించి అడుగుతున్నారు: ఇంటర్నెట్‌లో ఫోటోలు అమ్మిపెట్టే కంపెనీలను గురించి.

పద్ధతి సులభమే. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్ వంటి కంపెనీలో ఖాతా తెరవాలి. గుర్తింపు పత్రం చూపాలి. ఫోటో పంపి, దాన్ని వెదకడానికి పనికివచ్చే మాటలు జతపరచాలి. కంపెనీ అంగీకరిస్తే ప్రపంచంలో ఎవరైనా దాన్ని వాడుకునే హక్కు కొనుక్కోవచ్చు. షట్టర్‌స్టాక్ 2020లో తెచ్చిన ఏర్పాటు ప్రకారం ఫోటోగ్రాఫరు వాటా 15 శాతంతో మొదలై 40 దాకా పెరుగుతుంది; ఏటా జనవరి ఒకటిన మళ్ళీ మొదటి మెట్టుకు దిగుతుంది. కెమెరా అతనిది, శ్రమ అతనిది, షరతులు మాత్రం కంపెనీవి. ఇది దోపిడీయే.

అయితే మన విమర్శ ఇక్కడ ఆగిపోతే సగం నిజమే చెప్పినట్లు. ఫోటోగ్రాఫరుకు కింద మరొక మనిషి వున్నది. ఎండాకాలంలో తునికాకు కోసే కోయ స్త్రీకి యాభై ఆకుల కట్టకు ఇంత అని రేటు వున్నది. ఆకు కోస్తున్న ఆమె ముఖానికి మాత్రం రేటు లేదు.

ముఖం గుర్తుపట్టేలా వున్న ఫోటోను వ్యాపార ప్రకటనకు అమ్మాలంటే ఆ మనిషి సంతకం చేసిన అంగీకార పత్రం కావాలి. వార్తకు, వ్యాఖ్యకు మాత్రమే అమ్మితే సాధారణంగా అక్కరలేదు. "సంతకం తీసుకున్నాం గదా, యిక తప్పేమిటి?" అని మిత్రులు వాదిస్తారు. ఆ వాదానికి మన ఏజెన్సీ చరిత్రే జవాబు చెబుతున్నది. 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, 1970 సవరణతో, షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతరుడికి బదిలీ కావడాన్ని నిషేధించింది. యజమాని తానై వేలిముద్ర వేసినా ఆ బదిలీ చెల్లదు. అసమానుల మధ్య సంతకం సమ్మతి కాదని చట్టమే ఒప్పుకున్నదన్నమాట. భూమి విషయంలో న్యాయమైనది ముఖం విషయంలో ఎందుకు కాకూడదు?

"ఇది కోయలను పసిపిల్లలుగా చూడడం కాదా?" అనే ఆక్షేపణ బలమైనదే. కాని ఆ చట్టానికి ఆధారం గిరిజనుల అమాయకత్వం కాదు, ఎదుటివాడి బలం. కూలివాడు తన శ్రమశక్తిని గంటల లెక్కన అమ్ముతాడు. పొద్దుగూకితే తన మనిషి తానవుతాడు. అమ్ముడైన ముఖానికి పొద్దుగూకడం లేదు. ఏ దేశంలో, ఏ బ్యాంకు ప్రకటనలో ఆమె నవ్వుతుందో ఆమెకూ తెలియదు, ఫోటోగ్రాఫరుకూ తెలియదు.

మరి ఫోటోలు లేకుండా పేదల బాధ లోకానికెలా తెలుస్తుందంటారు. 1936లో కాలిఫోర్నియా బఠాణీ తోటల కూలీల శిబిరంలో డొరొతియా లాంగ్ ఒక తల్లిని ఫోటో తీసింది. అది పత్రికలో వచ్చాక శిబిరానికి ఆహారం అందింది. అప్పటికే ఆ తల్లి అక్కడినుండి వెళ్ళిపోయింది. ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ బొమ్మ వల్ల తనకేమీ రాలేదని ఆమె బాధపడింది. అయినా ఆ ఫోటో ఒక స్థలానికీ, ఒక కాలానికీ సాక్ష్యం. అమ్మకపు ఫోటో వేరు. అది ఊరినీ పేరునూ తుడిచివేసి, 'గిరిజనులు', 'పేదరికం' అనే మాటల కింద మనిషిని నిలువచేస్తుంది. సాక్ష్యం ప్రశ్నను లేపుతుంది. సరుకు కొనేవాడి అవసరాన్ని తీరుస్తుంది.

కనుక విద్యార్థులు కెమెరా దించనక్కరలేదు. గోదావరిని అమ్మండి, పొగమంచును అమ్మండి, ఖమ్మం మార్కెట్టులోని మిరప రాశులను అమ్మండి. మనిషి ముఖం దగ్గర మాత్రం ఆగి, మూడు పనులు చేయండి: ఎక్కడెక్కడ వాడవచ్చునో ఆమెకు తెలిసిన భాషలో చెప్పండి, వచ్చిన దానిలో వాటా ఇవ్వండి, 'వద్దు' అంటే మానివేయండి. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. 'వద్దు' అనే వీలు లేనిచోట 'సరే' అన్న మాటకు విలువ లేదు.