బస్టాండు బోర్డు

జగ్గయ్యపేట బస్టాండు ఎదుట టీకొట్టు గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. రిటైరైన మాస్టారు ఒకాయన తెల్లారగానే గుంటూరు మిర్చి యార్డులో తెలిసిన కమీషన్ వ్యాపారికి ఫోన్ చేసి, తేజ ఎంత, తాలు ఎంత అని కనుక్కుని సుద్దముక్కతో రాసేవారు. కింద ఇంకో రెండు వరుసలు: ఏ మందుకు పురుగు చచ్చింది, ఏ విత్తనం మొలవలేదు. చేలోకి వెళ్ళి కళ్ళారా చూడందే ఆ రెండు వరుసలు రాసేవారు కాదు. వత్సవాయి నుంచి, పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన రైతులు బస్సు దిగి ముందు బోర్డు చూసి, ఆ తర్వాతే కొట్లవైపు నడిచేవాళ్ళు.

బోర్డు చూసినందుకు ఎవరూ పైసా ఇవ్వరు. ఊళ్ళు తిరిగే పెట్రోలు ఖర్చంతా పింఛన్లోంచే. ఒకరోజు కొడుకు అన్నాడు: "నాన్నా, ఇంతమంది నీ మాట వింటున్నారు. ఏరువాక వేళకు నందిగామలో కల్యాణ మండపం తీసుకుని రైతు సదస్సు పెడదాం. విత్తనాల వాళ్ళు, మందుల వాళ్ళు స్టాళ్ళు అద్దెకు తీసుకుంటారు. ఆ డబ్బుతో ఏడాదంతా బోర్డు నడుస్తుంది."

ఆలోచన మంచిదే. మొదటి ఏడు మండపం నిండింది. ఆ డబ్బుతో మాస్టారు మరిన్ని ఊళ్ళు తిరిగారు.

రెండో ఏడు, సదస్సు పది రోజులుందనగా, వీరులపాడు వైపు రైతు ఒకాయన తన నారుమడి చూడమని తీసుకెళ్ళాడు. పావు వంతు గింజలు కూడా మొలవలేదు. పక్క మళ్ళలోనూ అంతే. ఆ విత్తనం అమ్మిన డీలరే సదస్సులో అందరికంటే పెద్ద స్టాలుకు బయానా ఇచ్చి ఉన్నాడు.

"అబద్ధం రాయమనడం లేదుగా నాన్నా. సదస్సు అయ్యాక రాద్దాం" అన్నాడు కొడుకు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి ధరలు మాత్రం రాసి వచ్చేశారు.

చందర్లపాడు నుంచి వచ్చిన కౌలు రైతు ఒకామె ఆ సదస్సులో అదే విత్తనం కొంది. తర్వాత బోర్డు దగ్గరికొచ్చి, "బోర్డు మీద లేదు గదా అని కొన్నాను మాస్టారూ. మీ సదస్సులోనే కొన్నాను" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. రైతులు బస్సు దిగి నేరుగా కొట్లకు పోవడం మొదలైంది.

మూడో ఏడు కొడుకు స్టాళ్ళ కోసం తిరిగితే ఆ పెద్ద డీలరే అన్నాడు: "మీ నాన్న మాట మీద రైతులు వస్తారనే బాబూ అప్పుడు డబ్బు కట్టింది. ఇప్పుడు రావడం లేదు గదా!"

నీతి: స్టాలు అద్దె బోర్డు మీది నమ్మకానికి వస్తుంది. ఆ అద్దె కోసం బోర్డు మీది మాట ఆపితే రెండూ పోతాయి.

టెక్నాలజీ వార్తల వెబ్‌సైట్లు కొన్ని బతికేది ఈ లెక్క మీదే. వార్త ఉచితం, డబ్బు సదస్సుది. అందులో తప్పేమీ లేదు, విలేకరికి జీతం ఎక్కడో ఒకచోటు నుంచి రావాలి. 2005లో మైకేల్ ఆరింగ్టన్ అమెరికాలో టెక్‌క్రంచ్ అనే అలాంటి సైటు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో డెమో అనే పేరున్న సదస్సులో వేదిక ఎక్కాలంటే కంపెనీ 18,500 డాలర్లు కట్టాలి. 2007లో జేసన్ కలకానిస్‌తో కలిసి టెక్‌క్రంచ్40 అనే సదస్సు పెట్టినప్పుడు ఆరింగ్టన్ వేదికెక్కే కంపెనీల దగ్గర రుసుము తీసుకోలేదు. అక్కడ గెలిచిన మింట్ అనే కంపెనీని రెండేళ్ళకు ఇంట్యూట్ అనే మరో కంపెనీ 17 కోట్ల డాలర్లకు కొంది. వేదికను అమ్మలేదు గనకే ఆ ఎంపికకు అంత విలువ వచ్చిందని నా నమ్మకం. అదే ఆరింగ్టన్ 2011లో, తన సైటు వార్తలు రాసే కంపెనీల్లోనే పెట్టుబడి పెట్టడానికి క్రంచ్‌ఫండ్ అనే నిధి తెరిచారు. విమర్శలు చెలరేగాయి. ఆ సెప్టెంబరులోనే ఆయన టెక్‌క్రంచ్ వదలాల్సి వచ్చింది.

మన దేశంలో యువర్‌స్టోరీ అనే సైటు 2010 నుంచి టెక్‌స్పార్క్స్ అనే సదస్సు నడుపుతోంది. హైదరాబాదులోనూ ఇలాంటి సదస్సులకు కొదవ లేదు. నందిగామ నుంచి, జగ్గయ్యపేట నుంచి 65వ నంబరు హైవే మీద వాటికి బయల్దేరే మన పిల్లలు టిక్కెట్టు కొనే ముందు రెండు సంగతులు కనుక్కోవాలి. వేదిక మీద మాట్లాడేవాళ్ళలో డబ్బు కట్టి ఎక్కినవాళ్ళెవరు? ఆ స్పాన్సర్ల గురించి ఆ సైటు ఈ ఏడాది ఒక్క చేదు వార్తైనా రాసిందా?