చేతికందిన జీతం

నాయనా, నెల మొదటి వారంలో ఏటీఎంల దగ్గర కాసేపు నిలబడితే ఎక్కడో ఒకచోట ఈ దృశ్యం నీ కంటపడుతుంది. ఊడ్చే ఆడవాళ్లు, కాపలా కాసేవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి జీతం తీసుకొస్తారు. పక్కనున్న టీకొట్టు బల్ల మీద కాంట్రాక్టరు మనిషి నోటుపుస్తకం తెరిచి కూర్చుని ఉంటాడు. వచ్చినవాళ్లు నాలుగు ఐదువందల నోట్లు లెక్కపెట్టి అతని ముందుంచుతారు. అతను పేరు పక్కన గీత గీస్తాడు. ఒక్క మాటా ఉండదు. బ్యాంకు కాగితాల్లో మాత్రం జీతం పూర్తిగా అందినట్టే.

రాత్రి దొంగ పడితే ఊరంతా లేస్తుంది. ఇది పట్టపగలు, పోగొట్టుకునేవాడి చేతులతోనే జరుగుతుంది గనుక ఎవరికీ దొంగతనంగా తోచదు.

1936లో వేతనాల చెల్లింపు చట్టం రాసినవాళ్లు ఈ జిత్తును ఎరుగుదురు. పనివాడు యజమానికి గాని, అతని మనిషికి గాని ఇచ్చే సొమ్మును జీతంలో కోతగానే లెక్కించాలని అందులో రాసిపెట్టారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ మాటను నిలబెట్టింది. కనుక ‘వాడే తెచ్చి ఇచ్చాడు’ అన్నంత మాత్రాన అది న్యాయమైపోదు. పీఎఫ్, తీసుకున్న అడ్వాన్సు, పనికి రాని రోజులు, నీ అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం, ఇలా చట్టం ఒప్పుకున్న కోతలు కొన్ని ఉన్నాయి. నష్టం పేరుతో కోయాలన్నా ముందు నీ సంజాయిషీ వినాలి. అన్నీ కలిపినా సగం జీతం దాటరాదు.

అయితే ఎదుటివాణ్ణి నిలదీసే ముందు నీ లెక్క నువ్వు చూసుకో. పొరపాటున ఒకే నెల జీతం రెండుసార్లు పడిందా? అడగకముందే తిరిగివ్వు. ప్రభుత్వ చిరుద్యోగులకు, రిటైరైనవారికి పొరపాటున ఎక్కువ ముట్టిన జీతాన్ని తిరిగి రాబట్టడం తగదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అది తెలియక తీసుకుని, ఇంటి ఖర్చులకు వాడుకున్నవారి మీద చూపిన కనికరం. తెలిసి దాచుకున్నవాడు ఆ తీర్పును అడ్డం పెట్టుకోకూడదు.

ఇక ఉద్యోగం మానేస్తే వచ్చే బెదిరింపు వేరు. ‘ట్రైనింగ్ ఖర్చు అయింది, మూడు నెలల జీతం వెనక్కి కట్టు, లేకుంటే సర్టిఫికెట్లు ఇవ్వం’ అంటారు. బాండ్లన్నీ చెల్లవని ధీమాగా ఉండకు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టే సమర్థించింది. కాని శిక్షణకైన ఖర్చు వేరు, నువ్వు పనిచేసిన దినాల కూలి వేరు. ఏ ఖర్చు, ఎంత, ఏ షరతు ప్రకారమో కాగితం మీద రాసిమ్మని అడుగు. కోపంతో జవాబు రాయకు. తెల్లకాగితం మీద సంతకం పెట్టకు. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రంగా దాచుకో.

ఇంత చెప్పాక, ‘రేపు పనిలోంచి తీసేస్తే నా పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?’ అని నువ్వడిగితే నా దగ్గర జవాబు లేదు. భయపడి ఇచ్చినవాణ్ణి నేను తప్పుపట్టను. ఒక్కడివే గొంతెత్తితే పనిలోంచి తీసేయడం వాళ్లకు సులువు. తోటివాళ్లను కూడగట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లు. ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది. జీతం సక్రమంగా ఇచ్చామని రుజువు చేసుకోవలసింది యజమానే. అక్రమంగా కోసిన సొమ్ముకు పదింతల వరకు పరిహారం ఇప్పించే అధికారం అక్కడి అధికారికి ఉంది.

అయ్యా యజమానీ, నీకూ ఒక మాట. ఆ నోట్లు నీ చేతికి వచ్చేసరికి ఒక ఇంట్లో పాలవాడి బాకీ మరుసటి నెలకు వాయిదా పడింది.

నేనెరిగిన ఒక ఊడ్చే ఆమెకు చదువు రాదు. ఎనిమిదో తరగతి చదివే కూతురి చేత ప్రతినెలా క్యాలెండరు కాగితం వెనక ‘ఈ నెల రెండు వేలు, టీకొట్టు దగ్గర’ అని రాయిస్తుంది. కొత్త సంవత్సరం వచ్చినా ఆ పాత క్యాలెండరును మేకు మీంచి తీయనివ్వలేదు.